ఎర్తింగ్ సారు

మా ఓనర్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఆదివారం పొద్దున్నే మూడు మెసేజీలు వరసగా వచ్చాయి. నల్లా నీళ్ళు సాయంత్రం వస్తాయని మొదటిది. ఎర్తింగ్ సారు గుండెపోటుతో పోయిండని రెండోది. "అయ్యో పాపం, మరి ఇగ మన సర్టిఫికెట్ల మీద సంతకం ఎవరు పెడతరు?" అని మూడోది. రెండోదానికి నలుగురు దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. మూడోదానికి మధ్యాహ్నం దాకా జవాబులు వస్తూనే ఉన్నాయి.

ఆయనకు ఒక పేరుండేది. అది నాకు తెలుసు గాని రాయను. అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లో ఆయనను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఎదురుగా ఉంటే ఎర్తింగ్ సారు అనేవాళ్ళం, వెనకాల ఇంకో రెండు మాటలు కలిపేవాళ్ళం. ఆ రెండు మాటలు నేను కూడా కలిపాను. అందుకే ఆయన గురించి రాయాల్సినవాళ్ళలో నేనూ ఒకణ్ణని అనుకుంటున్నాను.

కరెంటు ఆఫీసులో చాలా ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. జేబులో టెస్టరు, భుజానికి గుడ్డ సంచి. మొదటిసారి చూసిన వాళ్ళందరికీ ఆయన పొగరుబోతులా కనిపించేవాడు. కారణం ఆయన ఎడమ చెయ్యి. అది ఎప్పుడూ నడుము వెనకే ఉండేది. స్విచ్ బోర్డు విప్పేటప్పుడు వెనకే, చాయ్ తాగేటప్పుడు వెనకే, రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే ఒక్క కుడిచెయ్యే ఎత్తి దండం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"రెండు చేతులు పెడితే కరెంటు ఈ చేతిలకెళ్ళి ఆ చేతిలకు గుండె మీదికెళ్ళి పోతది సార్. ఒక్క చెయ్యి పెడితే గుండెకు జర మాఫీ ఉంటది. నలభై ఏండ్ల అలవాటు, ఇప్పుడు ముందటికి రమ్మన్నా రాదు" అన్నాడు.

కరెంటు నుంచి అంత జాగ్రత్తగా దాచుకున్న గుండె చివరికి కరెంటుతో ఏ సంబంధమూ లేకుండా ఆగిపోయింది. ఇది తలచుకుంటే నాకు కొంచెం కోపమే వస్తుంది.

ఇంకో అలవాటు, దేన్నయినా వేళ్ళ వెనకవైపుతో ముట్టుకోవడం. ఎవరింటికి వెళ్ళినా ముందు గేటును, తరవాత గ్రిల్లును, ఫ్రిజ్‌ను, కూలర్‌ను అట్లా ఒక్కొక్కటిగా వేళ్ళ వెనకతో తాకుతూ లోపలికి వచ్చేవాడు. ఇంటివాళ్ళను పలకరించడం ఆ తరవాతే. అరచేత్తో పట్టుకుంటే షాకు తగిలినప్పుడు వేళ్ళు ముడుచుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటాయట. వెనకవైపైతే చెయ్యి దానంతటదే దూరంగా విసురుకుంటుందట. ఎండాకాలంలో మా ఇళ్ళల్లో కూలర్లను ముట్టుకుని ఎగిరిపడడం ఒక ఆటలాంటిది. "మా కూలర్ జర గుంజుతది, చెప్పులేసుకుని పోండి" అని చుట్టాలకు ముందే చెప్పే మర్యాద మా అందరికీ ఉంది. ఆ మర్యాద విన్నప్పుడల్లా ఆయన తల పట్టుకునేవాడు, ఒక్క చేత్తోనే.

మా అశోక్‌నగర్ సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. ఇక్కడ ఇల్లున్న ప్రతివాడూ దాన్ని కిరాయికిస్తాడు. గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు జిల్లాల నుంచి సంచులు వేసుకుని వస్తూనే ఉంటారు. హాలుకు ప్లైవుడ్ అడ్డం పెడితే రెండు గదులు, వరండాకు కూడా పెడితే మూడు. గదులు ఎన్ని పెరిగినా గోడలోని వైరు మాత్రం మా నాయనల కాలం నాటిదే. ఫ్యూజు మాటిమాటికి పోతోందని పిల్లలు మొరపెట్టుకుంటే దానికి మేమే ఒక మందు కనిపెట్టాం. ఫ్యూజులో సన్నతీగ తీసేసి లావు తీగ చుట్టడం. ఇక ఫ్యూజు పోనే పోదు.

"పోదు సార్. పోవాల్సొస్తే ఇల్లే పోతది" అనేవాడు ఎర్తింగ్ సారు. అట్లా ఓనర్ల ఫ్యూజుల్లోంచి పీకిన లావు తీగలు ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాడు. ఎవరైనా తమ ఇంట్లో అన్నీ సవ్యంగానే ఉన్నాయని అంటే డబ్బా మూత తీసి చూపించేవాడు. నా తీగ కూడా అందులో ఉంది. మిగతా వాటికంటే కొంచెం లావుగానే ఉంటుంది.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేశాను. ఊళ్ళో వాళ్ళందరి ప్రమాదాలకు ఫారాలు నింపి, సర్వీసంతా ఎవరి నిర్లక్ష్యం ఎంతో రాసిపెట్టినవాణ్ణి. కింద పోర్షన్లో నేనూ మా ఆవిడా ఉంటాం. మొదటి అంతస్తులో చదువుకునే పిల్లలు. డాబా మీద ఒక గది, పక్కన బాత్‌రూం. అందులో పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. ఆయన సెంట్రింగ్ పనికి, భార్య పద్మ ఇటుకలు మోసే పనికి పోతారు. వాళ్ళకు రెండో తరగతి చదివే శ్రావణి అని ఒక పాప. ఇల్లు చూపించిన రోజు మీరు ఏం తింటరు, ఎవరెవరొస్తరు, ఎన్నింటికి పంటరు అని మేము అడగాల్సినవన్నీ అడిగాం. వాళ్ళు ఒక్కటి కూడా అడగలేదు. మంచివాళ్ళు అనుకున్నాం.

రెండేళ్ళ కింద మా పక్క సందులో ఒక హాస్టల్లో బోర్డు కాలి పొగలొచ్చాయి. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆఫీసర్లొచ్చి కిరాయిళ్ళన్నీ చెక్ చేస్తారట అని ఒక పుకారు లేచింది. వెంటనే మేము ఓనర్లమంతా మీటింగు పెట్టుకున్నాం. రెండు గంటలు మాట్లాడి, వైరింగ్ మార్చాలని ఎవరూ అనకుండా జాగ్రత్తపడి, ప్రతి ఇంటికీ కరెంటు సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలని తీర్మానించాం. లామినేషన్ చేయించి మెట్ల దగ్గర వేలాడదీయాలని కూడా. సంతకానికి లైసెన్స్ ఉన్న మనిషి కావాలి గదా అంటే అందరి నోటా ఎర్తింగ్ సారు పేరే వచ్చింది. పాపం పెద్దమనిషి, ఖాళీగా ఉన్నడు, చాయ్ తాగించి పెట్టించుకుందాం అనుకున్నాం.

ఆయన మొదట వెళ్ళింది చిక్కడపల్లిలో నా స్నేహితుడింటికి. ఆ స్నేహితుడు రిటైర్డ్ హెడ్మాస్టరు, ఇంట్లో మడీ ఆచారం కొంచెం ఎక్కువ. తోడుగా నేనూ వెళ్ళాను. గడప దగ్గర చెప్పులు విడవమంది హెడ్మాస్టరు గారి భార్య. సారు విడిచాడు. సంచిలోంచి ఇంకో జత హవాయి చెప్పులు తీసి వేసుకున్నాడు. సబ్బుతో కడిగి తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏందండీ, చెప్పులతోని లోపలికొస్తరా?" అంది ఆవిడ.

"ఇవి రోడ్డు తొక్కలేదమ్మా. ఇండ్లల్లకే తెచ్చుకున్న. రబ్బరు లేకుంట నేను బోర్డు ముట్ట."

"దేవునర్ర ఉంది లోపట."

"అర్ర బయటనే నిలవడత."

అన్నమాట ప్రకారం దేవుని గది గడప ఇవతలే నిలబడి మెడ సాచి చూశాడు. పటాల చుట్టూ రంగు బల్బుల తోరణం వెలుగుతోంది. దానికి ప్లగ్గు లేదు. రెండు వైర్ల కొసలు సాకెట్టు రంధ్రాల్లో దోపి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చారు. ఇది మా దగ్గర ప్రతి ఇంట్లో ఉండే ఏర్పాటే గనక నాకూ హెడ్మాస్టరుకూ అందులో వింతేమీ కనిపించలేదు. ఆయన మాత్రం అగ్గిపుల్లల వైపు వేలు చూపించాడు.

"అమ్మా, తలస్నానం చేసి తడిబట్టలతోని ఇక్కడ కూసుంటరు గద మీరు?"

"అవును, మరి మడి అంటే అదే గద."

"చెప్పులు కూడ ఉండయి."

"ఛ, దేవుని ముందల చెప్పులా?"

"అయితే ముందు మీ పానం సంగతి చూద్దాం. తరవాత సంతకం సంగతి" అన్నాడు.

ఆ రోజు అక్కడ సంతకం పడలేదు. పైగా తిరుగు ప్రయాణంలో ఆయన నాతో ఒకటన్నాడు. "రంగు మస్తు మంచిగేసిండ్రు సార్. స్విచ్చులకు కూడ ఏసిండ్రు. నేను వైరు ఎవరేసిండ్రు అంటే అందరు రంగు ఎవరేసిండ్రో చెప్తరు."

ఇంతవరకైతే ఓనర్లు భరించేవాళ్ళే. భరించలేనిది ఇంకొకటి ఉంది. పరీక్ష అయ్యాక ఆయన నోట్‌బుక్కులో రాసుకున్నది పైకి చదివేవాడు. అదీ కిరాయిదార్లందరినీ పిలిచి, వాళ్ళ ముందు. ఇంటి లోపాలు ఓనరు చెవిలో చెప్పడం లోకమర్యాద. కిరాయికున్నవాళ్ళ ఎదుట ఓనరు ఇంటిని అట్లా చదివితే రేపు వాళ్ళు మన మాట ఏం వింటారు? ఈ సంగతి నేనే ఒకసారి సౌమ్యంగా చెప్పి చూశాను.

"మీరు గోడకు ఓనర్లు సార్. ముట్టేది వాళ్ళు. ముట్టేటోనికి చెప్పకుంట ఎవరికి చెప్పాలె?" అన్నాడు.

ఇక మా ఇంటి వంతు వచ్చింది. దానికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి, ఎంత ఇబ్బందిగా ఉన్నా. దీపావళి వెళ్ళి చలి మొదలైనప్పుడు పద్మ ఒకరోజు మెట్ల మీద నిలబడి నాతో అంది. "సార్, బాత్‌రూంల నల్లా ముడితే జిల్లుమంటదని మా శ్రావణి అంటది. నాకైతే ఏం తెలుస్తలేదు. జర చూపిస్తరా?" పద్మ కాళ్ళు సిమెంటుకు పగిలిపోయి ఉంటాయి. బాత్‌రూంలోకి కూడా రబ్బరు చెప్పులతోనే పోతుంది. పాప ఉత్త కాళ్ళతో పోతుంది. ఈ తేడా నాకు అప్పుడు తట్టలేదు. "పిల్లలు స్నానం ఎగ్గొట్టను అట్లనే అంటరమ్మా. ఏం లేదు" అన్నాను. ఏం లేదని నాకు ఎట్లా తెలుసు అని ఆమె అడగలేదు. 

ఆ బాత్‌రూంలో గీజరు మేమే పెట్టించాం. మా ఇంటికి కొత్తది కొనుక్కుని, పాతదాన్ని పారెయ్యడం దేనికని పైన బిగించాం. పేదవాళ్ళకు వేడినీళ్ళ సౌకర్యం కలిగించామని ఆ సంగతి నేను చాలామందికి చెప్పుకున్నాను కూడా.

సారు మా ఇంటికొచ్చి సంచిలోంచి ఒక బల్బు తీశాడు. దానికి రెండు వైర్లు వేలాడుతున్నాయి. ఒక వైరు సాకెట్టులో కరెంటు ఉండే రంధ్రంలో, ఇంకోటి పైన ఉండే పెద్ద రంధ్రంలో పెట్టాడు. ఎర్తింగ్ ఉంటే బల్బు వెలగాలట. వెలగలేదు. ఇంకో గదిలో పెట్టాడు, వెలగలేదు. పైన పిల్లల గదుల్లో, డాబా మీద, ఎక్కడా వెలగలేదు. చివరికి డాబా మీది బాత్‌రూంలో గీజరు వేసి నల్లాకు టెస్టరు ఆనించాడు. టెస్టరులో దీపం సన్నగా వెలిగింది.

కిందికొచ్చి మా ఆవిడను అడిగాడు. "అమ్మా, ఎర్తింగ్ గుంత ఎక్కడ మీ ఇంటికి?"

మా ఆవిడ గర్వంగా చెప్పింది. "తీసేయించినం సార్. ఈశాన్యంల ఇనుప పైపు దిగేసి ఉంటే దోషం అన్నడు వాస్తు ఆయన. పైపు పీకేసి టైల్స్ ఏసి తులసికోట పెట్టినం. అప్పటికెళ్ళి ఇల్లు మంచిగున్నది."

అది నిజమే. ఇల్లు కట్టినప్పుడు మా నాయన వేయించిన పైపు అది. నేనే దగ్గరుండి పీకించాను. దానికి తగిలించిన తీగను మేస్త్రీ కత్తిరించి గోడలోకి మడిచి సిమెంటు పూసేశాడు. ఇంట్లో ప్రతి మూడు రంధ్రాల సాకెట్టు వెనకాలా ఆకుపచ్చ వైరు బుద్ధిగా ఆ తీగ దాకా వచ్చి, అక్కడ ఏమీ లేక ఆగిపోయింది. గీజరులో లీకైన కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేదు. దారి దొరకాలంటే తడి నేల మీద ఉత్త కాళ్ళతో ఒకరు నిలబడి నల్లా తిప్పాలి.

సారు తులసికోట వంక చూసి అన్నాడు. "దోషం ఎక్కడికీ పోలేదమ్మా. పైరూం నల్లాల కూసుంది."

తరవాత అలవాటు ప్రకారం అందరినీ పిలిచాడు. చదువుకునే పిల్లలు మెట్ల మీద వరసగా నిలబడ్డారు. పద్మ కొంగు చుట్టుకుని ఒక పక్కన నిలబడింది. ఎర్తింగ్ లేదు. ఫ్యూజులో లావు తీగ. పై బాత్‌రూంలో గీజరు వాడొద్దు, వాడితే పానానికి మంచిది కాదు. ఈ మూడూ ఆయన అక్షరం మింగకుండా చదివాడు. నా మొహం కందగడ్డ అయింది. పిల్లల్లో ఒకడు నవ్వు ఆపుకోవడం నేను చూశాను. సారు డాబా మీదికి పోయి గీజరు ప్లగ్గు పీకి, వైరును చుట్టచుట్టి పైన మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

"నా సొంతింటికి ఈయన పరీక్ష ఏంది?" అని నేను మా ఆవిడతో అన్నాను. గట్టిగానే అన్నాను, పైకి వినబడాలని.

మర్నాడు పద్మ వచ్చి అడిగింది. "సార్, గీజరు వాడొద్దన్నడు గద ఆ సార్. ఏం జెయ్యాలె?"

"ఆయనకు అందరిండ్లల్ల అదే మాటమ్మా. చాదస్తం. చలికాలం, చిన్నపిల్ల, వేడినీళ్ళు లేకుంటే ఎట్ల? వాడుకో" అన్నాను. నేనే పైకి పోయి ప్లగ్గు పెట్టి వచ్చాను. మెట్లు దిగుతుంటే మంచిపని చేసినట్టే అనిపించింది. 

సర్టిఫికెట్ సంగతి ఆగదు గదా. రాంనగర్ వైపు ఎవరో ఒకాయన ఉన్నాడని, ఫోన్లో ఫోటోలు పంపిస్తే చాలని మా గ్రూపులోనే తెలిసింది. మా ఆవిడ ఫోటోలకు బాగుండాలని స్విచ్ బోర్డులన్నీ తడిగుడ్డతో తుడిచింది. నేను ఫోటోలు తీసి పంపాను. సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చేసింది. "పరీక్షించి, అన్ని విధాలా సురక్షితమని ధ్రువీకరించడమైనది" అని ఉంది, కింద గుండ్రటి ముద్ర. పరీక్షించిన మనిషి మా సందు మొహం కూడా చూడలేదు. లామినేషన్ చేయించి మెట్ల దగ్గర మేకుకు వేలాడదీశాను. చుట్టుపక్కల ఓనర్లు వచ్చి చూసి ఆయన నంబరు రాసుకున్నారు.

పది రోజులకు, ఒక ఆదివారం, ఎర్తింగ్ సారు పిలవకుండానే వచ్చాడు. గేటును, గ్రిల్లును తాకుతూ లోపలికొచ్చి సర్టిఫికెట్ ముందు ఆగాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి ముద్ర దాకా చదివాడు. వేళ్ళ వెనకతో దాన్ని తట్టి చూశాడు.

"మంచిగున్నది సార్ కాగితం. గట్టిగున్నది. దీన్ని తీసుకపోయి పై బాత్‌రూంల కింద పరవండి. ప్లాస్టిక్ గద, దీని మీద నిలబడితే షాకు కొట్టది."

 ఆయన మెట్ల కింద మెయిన్ బోర్డు దగ్గరికి పోయాడు, అక్కడ ఏదో విప్పి సంచిలో వేసుకున్నాడు. "పదండి, పైకి పోదాం" అన్నాడు. మేము మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తులో పిల్లలు కరెంటు పోయిందని అరుస్తున్నారు. మా దగ్గర కరెంటు పోవడం రోజూ ఉండేదే కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆదివారం కావడంతో పద్మ ఇంట్లోనే ఉంది. శ్రావణి తువ్వాలు కప్పుకుని గుమ్మంలో కూర్చుంది. బాత్‌రూం నేల తడిగా ఉంది. గీజరు ప్లగ్గు పెట్టే ఉంది. సారు దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"సంతకం పెడతా సార్, ఇప్పుడే పెడతా. నాకు ఏ గుంత వద్దు. మీరు చెప్పులిడిసి లోపలికి పోయి తడి చేత్తోని ఆ నల్లా ఒక్కసారి తిప్పండి. చాలు."

చెప్పులు విడిచాను. నేల చల్లగా తగిలింది. ఒక అడుగు వేశాను. చెయ్యి ముందుకు చాపాను, నల్లాకు జానెడు దూరంలో అది ఆగిపోయింది. నేను ఆపలేదు, అదే ఆగింది. వెనక్కి చూస్తే పద్మ నన్నే చూస్తోంది. నా చేతిని చూస్తోంది.

"మోకాలు నొప్పి సార్. తడి మీద జారుతనేమో" అన్నాను. జీవితంలో చాలా అబద్ధాలాడాను గాని, ఇంత చవకబారుది ఆడలేదు.  పద్మ పాపను దగ్గరికి లాక్కుంది. 

సారు గీజరు వైరును కటింగ్ ప్లయర్‌తో మొదలంటా కత్తిరించాడు. కిందికొచ్చి, సంచిలోంచి ఫ్యూజు తీసి మెయిన్ బోర్డులో పెట్టాడు. అందులో లావు తీగ లేదు. పైన పిల్లల ఫ్యాన్లు తిరిగాయి.

"ఆ నల్లాల కరెంటు లేకుండె సార్. ఫ్యూజు నా సంచిలనే ఉండె" అన్నాడు.

"నేను ముట్టుకుంటనేమోనని తీసిండ్రా?"

"మీరు ముట్టరని తెల్సు. అయినా తీసిన. నా పని గది."

 కరెంటు లేని నల్లాను ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. కరెంటున్న నల్లా కింద ఆ పాపను రోజూ స్నానానికి పంపించాను. నా సర్వీసులో ఇట్లాంటి కేసు నా బల్ల మీదికొచ్చి ఉంటే ఎవరి నిర్లక్ష్యమో ఒక్క నిమిషంలో రాసి పారేసేవాణ్ణి.

వారంలో గుంత తవ్వించాం. మా ఆవిడ ఈశాన్యం ఇవ్వనంది. వాస్తు ఆయనకు ఫోన్ చేసి, కరెంటంటే అగ్ని కాబట్టి ఆగ్నేయమైతే అభ్యంతరం లేదని అనుమతి తెచ్చుకుంది. "ఏ మూలైనా భూమే గదమ్మా" అన్నాడు సారు. పైపు చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించి, మట్టి పోయించి, పక్కనే నిలబడి నీళ్ళు పోయించాడు. షాకు తగలబోతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు ఒకటి పెట్టించాడు. డాబా మీదికి కొత్త గీజరు తెచ్చాం. బల్బు ప్రతి గదిలోనూ వెలిగింది. ఆఖరున తనే చెప్పులు విడిచి, చెయ్యి తడిపి, వేళ్ళ వెనకతో నల్లాను తాకాడు. ఆ తరవాతే సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని లామినేషన్ చేయించలేదు నేను, బీరువాలో పెట్టాను. రాంనగర్ ఆయన ఫోను ఎత్తడం మానేశాక గ్రూపులో మిగతా ఓనర్లు కూడా ఒక్కొక్కరే మళ్ళీ సారు దగ్గరికే వచ్చారు.

అప్పటి నుంచి ఎండాకాలం వచ్చిందంటే ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చేది. ఆరోగ్యం అడిగేవాడు కాదు. "గుంతల నీళ్ళు పోస్తుండ్రా? ఎండితే పని చెయ్యదది" అనేవాడు. తను చూసిన గుంతలన్నీ ఆయనకు గుర్తే. ఏ ఇంట్లో ఏ మూల ఉందో, దాని మీద ఎవరు స్కూటర్ పెడతారో చెప్పగలిగేవాడు. మనుషుల పేర్లు మాత్రం మరిచిపోయేవాడు. హెడ్మాస్టరు గారిని ఆయన చివరిదాకా అగ్గిపుల్లల సారనే అన్నాడు.

మొన్న కబురు తెలిసి నేనూ హెడ్మాస్టరూ నారాయణగూడ వెళ్ళాం. ఆయనకు సొంతిల్లు లేదని అప్పుడే తెలిసింది. ఒక పాత ఇంట్లో వెనక పోర్షన్, కిరాయికి. అప్పటికే తీసుకుపోయారు. ఆ ఇంటి ఓనరు గేటు దగ్గర నిలబడి మాట్లాడాడు. గేటు పక్క గోడలోంచి మీటరు వైర్లు టేపు చుట్టుకుని బయటికి వేలాడుతున్నాయి.

"మంచి మనిషే సార్. ఒక్క పొద్దు కూడ కిరాయి ఆలస్యం చెయ్యలే. కాని ఆ వైరింగ్ గోల ఎక్కువ. మార్పించు, లేకుంటే నేనే నా పైసలతోని మార్పించుకుంట అని ఒకటే పరేషాన్. నా ఇంటి గోడలు పగలగొడ్తనంటే ఎట్ల ఒప్పుకుంట?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "మీకు తెలిసిన మంచి ఫ్యామిలీ ఉంటే చెప్పండి. రంగులేపిస్తున్న" అన్నాడు. హెడ్మాస్టరు ఏదో అనబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చేశాను. ఆ ఓనరును తిట్టే నోరు నాకు లేదు.

ఇంటికొచ్చి, పద్మకు చెప్పాలనిపించి డాబా ఎక్కాను. బట్టలు ఆరేస్తోంది. లోపల శ్రావణి స్నానం చేస్తోంది, పాటేదో పాడుకుంటోంది.

"ఎర్తింగ్ సారు పోయిండమ్మా" అన్నాను.

ఆమె చేతిలో తడి బట్ట అట్లాగే పట్టుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. తరవాత మెల్లగా, లోపలున్న పాపకు వినబడకుండా అంది.

"ఆ సార్ నల్లా ముట్టమన్ననాడు మీరు చెయ్యి గుంజుకుంటిరి గద సార్. అప్పుడు నాకు తెలిసింది. అంతకుముందు పిల్లను రోజూ కొట్టిన. స్నానానికి పొమ్మంటే ఏడుస్తుండె, నల్లా ముట్టనంటుండె. అబద్ధాలు ఎక్కడ నేర్చినవని వీపుల గుద్దిన. మీరు ఏం లేదంటిరి గద."

ఆమె నన్ను నిందించడానికి ఆ మాట అనలేదు. సొంత బిడ్డ మాట కాదని ఓనరు మాట ఎందుకు నమ్మిందో చెప్పింది, అంతే.